వర్తూరులో ఉన్నాం, వర్తూరు లెక్కలోనే ఉందాం!

వర్తూరు, గుంజూరు, బళగెరె, పాణత్తూరు, సిద్ధాపుర చుట్టుపక్కల ఉండే తెలుగు అన్నలారా, అక్కలారా, పెద్దలారా,

2027 ఫిబ్రవరిలో దేశంలో దాదాపు అంతటా జనాభా లెక్కలు రాస్తారు. మనం ఎంతమందిమి, ఎక్కడి నుంచి వచ్చాం, ఏ పని చేస్తున్నాం, ఇంట్లో ఏ భాష మాట్లాడతాం అన్నీ అప్పుడే నమోదవుతాయి. ఇలాంటి లెక్క చివరిసారి జరిగింది 2011లో. 1881 నుంచి పదేళ్లకోసారి ఆగకుండా సాగిన ఈ పని 2021లో మొదటిసారి కోవిడ్ వల్ల ఆగిపోయింది. ఈసారి తప్పిపోయినవాళ్లు తర్వాతి లెక్క వచ్చేదాకా ప్రభుత్వం కంటికి కనిపించరు. అందుకే ఈ కరపత్రం. మీరు చదివాక, చదవడం రాని పక్కింటివాళ్లకు చదివి వినిపించండి.

ముందు ఒక చేదు లెక్క. 2001లో కర్ణాటకలో తమ మాతృభాష తెలుగు అని చెప్పినవాళ్లు దాదాపు 37 లక్షల మంది. 2011లో 35 లక్షల 69 వేలు. ఆ పదేళ్లలో రాష్ట్ర జనాభా 5 కోట్ల 28 లక్షల నుంచి 6 కోట్ల 11 లక్షలకు పెరిగింది. నూటికి ఏడుగురుగా ఉన్న తెలుగువాళ్లు ఆరుగురి కన్నా తక్కువకు దిగారు. ఎలాంటి పదేళ్లు అవి? వైట్‌ఫీల్డులో ఆఫీసుల మీద ఆఫీసులు లేచిన పదేళ్లు. అనంతపురం, కడప, చిత్తూరు, కర్నూలు, పాలమూరు నుంచి తట్టా బుట్టా సర్దుకుని మేస్త్రీలు, కూలీలు, డ్రైవర్లు, ఇంజినీర్లు బెంగళూరు నగరానికి తరలివచ్చిన పదేళ్లు. మనుషులు వస్తూనే ఉన్నారు, కాగితం మీద మాత్రం తగ్గారు!

పుట్టుకలు తగ్గడం ఒక కారణం కావచ్చు. కానీ అదొక్కటే అని మేం నమ్మం. ఇక్కడ బతుకుతూ "మమ్మల్ని ఊళ్లో రాసేశారులే" అని లెక్క రాయడానికి వచ్చిన టీచరును గుమ్మంలోంచే పంపేసినవాళ్లను చూశాం. పొద్దున పోయి రాత్రికి వచ్చే ఇళ్లకు తాళాలే చూశాం. తరతరాలుగా ఈ పల్లెల్లోనే ఉండి, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ మాట్లాడే కుటుంబాలు మాతృభాష దగ్గరకు వచ్చేసరికి తడబడటమూ చూశాం. ఈ మూడూ మన చేతిలో ఉన్నవే.

లెక్కలో ఉంటే ఏమొస్తుంది అని అడిగేవాళ్లున్నారు. నీళ్లొస్తాయి. 2024 ఎండాకాలంలో ఈ వైపు బోర్లు ఎండిపోయి ట్యాంకరు కోసం అర్ధరాత్రిళ్లు ఎదురుచూసిన సంగతి ఎవరూ మరచిపోలేదు. ఆ ఏడాది అక్టోబరు 16న కావేరి ఐదో దశ ప్రారంభమైంది. 2007లో నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం రోజుకు 77 కోట్ల 50 లక్షల లీటర్ల నీళ్లు తెచ్చే పథకం అది. ఇలాంటి పథకాలకు గొట్టం ఎంత లావుండాలి, ట్యాంకు ఎక్కడ కట్టాలి అన్నది ఆ చోట ఎంతమంది ఉన్నారన్న అంకెతోనే తేలుతుంది. అంకెలో లేని మనిషికి గొట్టంలో చోటుండదు. మన చెరువు నురగ కక్కి రోడ్డు మీదికి వచ్చిన కథ కూడా ఇదే. శుద్ధి చేసే ఏర్పాటుకు మించి మనుషులు పెరిగారు, మురుగునీరు బెళ్ళందూరు మీదుగా వర్తూరు చెరువులోకి చేరింది.

వార్డులూ అంతే. 2025 సెప్టెంబరు 2న బెంగళూరు అయిదు కార్పొరేషన్లయింది. మనం తూర్పు కార్పొరేషన్‌లోకి వచ్చాం. అయిదింటికీ కలిపి 369 వార్డులు గీశారు. గీతకు ఆధారం 2011 జనాభా! అప్పటికి పొలాలుగా ఉన్న చోట ఇప్పుడు ఇరవై అంతస్తుల టవర్లు. ఆ టవర్ల నీడలో రేకుల షెడ్లు. ఇప్పటి జనానికి అప్పటి అంకెతో వార్డు కొలిచారు కాబట్టి ఒక్కో కార్పొరేటరు మీద, ఒక్కో ఆరోగ్య కేంద్రం మీద పడే భారం కాగితం చెప్పేదానికన్నా ఎంతో ఎక్కువ.

బియ్యం సంగతి మరీ ముఖ్యం, ఎందుకంటే ఎక్కువమందికి భయం ఇక్కడే. 2013 నాటి ఆహార భద్రతా చట్టం పల్లెల్లో నూటికి 75 మందికి, పట్టణాల్లో 50 మందికి చౌక ధాన్యం హక్కు ఇచ్చింది. ఎంతమందికి అన్న లెక్క 2011 జనాభా మీదే కట్టారు, దేశం మొత్తం మీద 81 కోట్ల 35 లక్షల మంది. అప్పటి నుంచి జనం పెరిగినా ఆ గీత జరగలేదు. "ఇక్కడ పేరు రాయిస్తే ఊళ్లో రేషన్ కార్డు పోతుందేమో" అని చాలామంది వెనకాడుతున్నారు. పోదు. 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం మనం చెప్పిన వివరాలను ఎవరూ తెరిచి చూడటానికి లేదు. కోర్టులో సాక్ష్యంగా కూడా చెల్లవు. కార్డు, ఓటు, పింఛను, పట్టా ఏదీ ఈ లెక్కతో మారదు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలను అక్కడ రాస్తారు. ఇక్కడ ఉన్న మిమ్మల్ని ఇక్కడే రాయాలి. ఒక మనిషి, ఒక చోటు.

ఇక భాష. మాతృభాష అంటే చిన్నప్పుడు అమ్మ మనతో మాట్లాడిన భాష. జనగణన వాళ్లు 2011లో ఇచ్చిన అర్థం ఇదే. మీరు ఎక్కడ పుట్టారు, బడిలో ఏ భాషలో చదివారు అన్నదానికి దీనితో సంబంధం లేదు. టీచరు కన్నడలో అడిగితే "నమ్మ మాతృభాషె తెలుగు" అనండి చాలు. తర్వాత, వచ్చిన వేరే భాషలు అడుగుతారు. కన్నడ వచ్చినవాళ్లు అక్కడ కన్నడ అని తప్పక రాయించండి. అన్నం పెడుతున్న నేల భాష అది, దాన్ని తక్కువ చేసే పని మనకు వద్దు. పిల్లలకు ఇంగ్లీషు వచ్చని వాళ్ల మాతృభాష దగ్గర ఇంగ్లీషు రాయించకండి. వడ్డెర ఇళ్లవాళ్లు తమ మాటను "వడరి" అని చెప్పినా పర్వాలేదు. 2011 పట్టికల్లో దాన్ని తెలుగు కిందే చేర్చారు.

ఈ అంకె వెనక హక్కులున్నాయి. బడిలో 40 మంది గానీ, తరగతిలో 10 మంది గానీ ఒకే మాతృభాష పిల్లలుంటే వాళ్లకు ఆ భాషలో ప్రాథమిక చదువు చెప్పాలని 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రులు ఒప్పుకున్నారు. 1956లో అదే భావంతో 350ఏ అధికరణ రాజ్యాంగంలోకి వచ్చింది. ఒక జిల్లాలో గానీ తాలూకాలో గానీ ఒక భాషవాళ్లు నూటికి 15 మంది ఉంటే ముఖ్యమైన నిబంధనలు, ప్రకటనలు ఆ భాషలోనూ ఇవ్వాలన్న ఒప్పందం ఉంది. 15 మంది ఉన్నారని ఎవరు తేల్చాలి? జనగణనే. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో బెంగాలీవాళ్లు 2013 ఎన్నికల్లో తమ భాషలో బ్యాలట్ పొందారు. అక్కడి సెన్సస్ అంకె చట్టం చెప్పిన మెట్టు దాటింది కాబట్టే ఆ హక్కు వాళ్ల చేతికొచ్చింది.

ఈసారి కులం కూడా అడుగుతారు. దేశమంతటా అన్ని కులాలనూ లెక్కించి పట్టికలు వెలువరించింది చివరిగా 1931లో. మీ కులాన్ని మీ ఇంట్లో, మీ బంధువుల్లో ఏమంటారో ఆ పేరే చెప్పండి. అక్కడో పేరు, ఇక్కడో పేరు ఉంటే రెండూ చెప్పండి. ఎవరో చెవిలో ఊదిన పేరు రాయించకండి. సిగ్గుపడకండి, దాచకండి.

మేస్త్రీ అన్నలకు ప్రత్యేకంగా ఒక మాట. షెడ్లలో ఉండేవాళ్లు తెల్లారి ఏడింటికి పనిలోకి దిగి చీకటి పడ్డాక వస్తారు. టీచరు మధ్యాహ్నం వస్తే రేకు తలుపుకు తాళమే కనిపిస్తుంది. మీ దగ్గర ఎంతమంది ఉన్నారో, ఎన్ని కుటుంబాలో, ఎందరు పసిపిల్లలో ఒక కాగితం మీద ముందే రాసి పెట్టుకోండి. టీచరు వచ్చే రోజు తెలుసుకుని ఆ పూట ప్రతి కుటుంబం నుంచి ఒకరిని షెడ్డు దగ్గర ఉంచండి. కూలి నష్టపోకుండా చూడమని కాంట్రాక్టరును అడిగే గొంతు మీకే ఉంది. చంకలో ఉన్న బిడ్డను కూడా రాయించండి, పసివాళ్లనే ఎక్కువగా మరచిపోతారు. గూడు లేక ఫ్లైఓవరు కింద, బస్టాండులో పడుకునేవాళ్లను గత జనగణనలో ఫిబ్రవరి 28 రాత్రి లెక్కించారు. అలాంటివాళ్లు మీ కంటపడితే టీచరుకు చెప్పండి.

పీజీల్లో ఉండే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఊళ్లో అమ్మ మీ పేరు అక్కడ రాయించకుండా ముందే ఫోను చేసి చెప్పండి. మీ వార్డెనును కలిసి లెక్క ఎప్పుడో అడగండి. అపార్టుమెంట్లలో ఉన్నవాళ్లారా, గేటు దగ్గర సెక్యూరిటీ టీచరును ఆపేస్తే నష్టం మీ టవరుకే. అసోసియేషన్ సమావేశంలో ఈ సంగతి పెట్టండి. 2025లో రాష్ట్ర వెనుకబడిన తరగతుల కమిషన్ చేసిన సర్వేను పూర్తిచేయడంలో మిగతా జిల్లాల కన్నా బెంగళూరు బాగా వెనకబడింది. మళ్లీ ఆ మాట రానివ్వకండి. మీ ఇంట్లో వంట చేసే అక్కను, కారు నడిపే అన్నను వాళ్ల పేర్లు ఎక్కాయా అని ఒక్కసారి అడగండి.

ఈ జనగణనలో వివరాలను మనమే ఫోనులో నింపే వీలు మొదటిసారి ఇచ్చారు. నింపాక వచ్చే గుర్తింపు సంఖ్యను దాచుకుని టీచరుకు చూపించాలి. ఏ పత్రమూ చూపనక్కరలేదు, ఒక్క రూపాయి ఇవ్వనక్కరలేదు. బ్యాంకు ఖాతా నంబరో, పాస్‌వర్డో అడిగేవాడు జనగణన మనిషి కాడు, తలుపు వేసేయండి. ఇళ్ల లెక్క వేరు, మనుషుల లెక్క వేరు. 2026లో ఇంటి గోడ మీద నంబరు వేశారు కదా అని నిశ్చింతగా ఉండకండి. మాతృభాష, కులం, వలస అడిగేది రెండో విడతలోనే.

ఫిబ్రవరిలో ఇంటికొకరు ఉండండి. మీ ఇల్లు అయ్యాక వీధిలో తాళం వేసిన ఇళ్లవాళ్ల పేర్లు రాసుకుని, సాయంత్రం వాళ్లకు చెప్పండి. టీచరుకు కన్నడలో జవాబు చెప్పలేని ముసలివాళ్ల పక్కన నిలబడండి. వర్తూరులో ఒక్క తెలుగు ఇల్లు కూడా లెక్క తప్పకుండా చూసే పని మనందరిదీ, రండి.

ఇట్లు,
వర్తూరు తెలుగు ఇరుగుపొరుగువాళ్లం