కేజువాలిటీ కాగితంలో మనం లేం (14వ భాగం)

పోయిన భాగంలో మురుగు గుంతల చావుల గురించి రాశాను. ఈసారి ఒక చిన్న అంకె గురించి.

మే నెలలో ఉపాధి పనిలో మట్టి మోస్తూ మా పిన్ని కూలబడింది. ఒళ్లు పెనంలా కాలుతోంది, మాట తడబడుతోంది. పెద్దాసుపత్రి కేజువాలిటీకి మోసుకెళ్లాం. డ్యూటీ డాక్టరు మంచివాడు, బతికించాడు. డిశ్చార్జి కాగితంలో మాత్రం "జ్వరం, స్పృహ తప్పుట" అని ఉంది. ఎండ మాట లేదు. మట్టి పని మాట లేదు.

"మనిషి దక్కింది కదా, ఇంకేం పోయింది?" అన్నాడు మా తమ్ముడు. పోయింది లెక్క.

జబ్బులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోడ్లు పెట్టింది. ఐసీడీ-10లో వడదెబ్బ టీ67 కింద వస్తుంది. దానికి కారణం ఎండ అని చెప్పేది ఎక్స్30. మురుగు గుంతలో మనవాళ్ల ఊపిరి తీసే హైడ్రోజన్ సల్ఫైడ్‌కి టీ59.6. ఆ సమయంలో మనిషి ఏం చేస్తున్నాడో చెప్పడానికి ఇంకో అంకె ఉంది. ఆటలాడుతుంటే 0, డబ్బుల కోసం పని చేస్తుంటే 2. ఆ 2 రాయడానికి ఎంతసేపు పడుతుంది?

అమెరికాలో చాలా ఆసుపత్రుల ఎమర్జెన్సీల నుంచి ఈ కోడ్లూ, రోగి మొదట చెప్పిన బాధా సీడీసీకి చేరతాయి. 2021 జూన్ చివర్లో అక్కడి వాయవ్య రాష్ట్రాలు మండిపోయినప్పుడు, వడదెబ్బతో వచ్చినవాళ్లు 2019లో అవే రోజులకంటే 69 రెట్లని నెల తిరక్కముందే తేల్చారు.

మన దగ్గర? 2015 మే ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా పోయారు. వడదెబ్బ కేసులు ఇప్పుడు మన ఆసుపత్రుల నుంచీ ఢిల్లీకి వెళ్తున్నాయి. కానీ డాక్టరు వడదెబ్బ అని రాస్తేనే వెళ్తాయి. జ్వరం అని రాస్తే మా పిన్ని ఆ లెక్కలో ఉండదు.

2020 డిసెంబరులో ఏలూరులో ఐదొందల మందికి పైగా మూర్ఛలతో పడిపోయారు. ఒకే ఊళ్లో, ఒకేసారి పడ్డారు కాబట్టి దేశమంతా చూసింది. ఎయిమ్స్ పరీక్షల్లో సీసం, నికెల్ బయటపడ్డాయి. అదే ఊరికొకరు చొప్పున పడితే? పురుగుమందు కొడుతూ మన పేటల్లో పడేది అలాగే కదా. అలాంటివాళ్లను కలిపి చూపించగలిగేది కోడ్ ఒక్కటే.

కొందరు మిత్రుల భయం నాకు తెలుసు. ఆసుపత్రి కాగితం పోలీసు చేతికి పోతుందని మందు తాగినవాళ్ల ఇంట్లోవాళ్లు నిజం దాస్తారు. ఆ భయం న్యాయమైందే. అందుకే ఈ లెక్కకి పేరు వద్దు, ఆధార్ వద్దు. వయసు, మండలం, కోడ్, చేస్తున్న పని చాలు. మరి కులం? మురుగు గుంతలోకి ఎవరు దిగుతారో ఈ దేశానికి కొత్తగా చెప్పాలా? పని రాస్తే మనం కనపడతాం.

ఇంకొకటి. గుంతలో చనిపోయినవాళ్లలో చాలామంది కేజువాలిటీకి రారు, నేరుగా మార్చురీకి పోతారు. ఆ రిజిస్టరు కూడా ఈ లెక్కలో కలవాలి.

మెడిసిన్, నర్సింగ్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, డ్యూటీలో "ఏం పని చేస్తుండగా పడ్డావమ్మా" అని అడగండి, రాయండి. మిగతావాళ్లు మీ జిల్లా ఆసుపత్రికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: మే నెలలో టీ67 ఎన్ని, వాటిలో పని రాసినవి ఎన్ని? వచ్చిన జవాబులు నాకు పంపండి. వాటితోనే వచ్చే భాగం రాద్దాం.

జై భీమ్.