ఆవిరి గది సరే, నీళ్లు ఏ గెడ్డవి?

చలి కోసం అరకు వెళ్తాం. వెళ్లాక ఆ చలి ఒంటికి తగలకుండా ఆవిరి గది కావాలంటాం. నవ్వొచ్చే సంగతే గానీ, హోటల్ వ్యాపారంలో దీనికో లెక్క ఉంది. 2024-29 పర్యాటక విధానంలో రాష్ట్ర ప్రభుత్వం ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. మన్యంలో ఉన్న రిసార్టుల్ని పెంచాలి, స్పాలు పెట్టాలి, ఈతకొలనులు కట్టాలి, పిల్లలకు ఆటలూ పెద్దలకు మసాజూ అమర్చాలి అన్న మాట తరచూ వినబడుతోంది. కొట్టిపారేయాల్సిన మాటేం కాదు.

అరకు వచ్చేవాళ్లలో చాలామంది ఒక్కపూట చుట్టాలు. పొద్దున్నే విశాఖలో కిరండూల్ రైలెక్కుతారు. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలతో పాటు పెద్దలూ కేకలేస్తారు. బొర్రా గుహలు, గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట, చాపరాయి, తిరుగుదారిలో గాలికొండ దగ్గర నాలుగు ఫొటోలు. చీకటి పడేసరికి ఘాట్ దిగిపోతారు. ఒక బొంగులో చికెన్, రెండు కాఫీ పొట్లాలు తప్ప వాళ్ల డబ్బు కొండ మీద పెద్దగా మిగలదు. రాత్రి ఉంటేనే ఊరికి నాలుగు రాళ్లు. ఇక నవంబరు నుంచి సంక్రాంతి దాకా గది దొరకడం గగనం, ఆ తరువాత జనం పలచబడతారు. నన్నడిగితే డిసెంబరు అరకు కంటే ఆగస్టు అరకే అందం. కాకపోతే వానలో బయట తిరగలేనివాడికి లోపల కాలక్షేపం ఏదో ఉండాలి. ఖాళీ నెలల్లో గదులు నింపడానికి స్పా ఒక దారి. ఇంతవరకూ నాకు పేచీ లేదు.

పేచీ అంతా దీని వెనకాలే వచ్చే రెండో మాటతో. పెద్ద పెట్టుబడి రావాలంటే భూమి కావాలి, భూమికి ఏజెన్సీలో భూ బదలాయింపును కట్టడి చేసే 1/70 చట్టం అడ్డం, కాబట్టి దాన్ని కాస్త సడలించాలి అంటారు. 2025 మొదట్లో విశాఖలో జరిగిన పర్యాటక పెట్టుబడుల సదస్సులో శాసనసభ స్పీకర్ అయ్యన్నపాత్రుడు ఈ ధోరణిలోనే మాట్లాడారు. మన్యం భగ్గుమంది. ఫిబ్రవరిలో గిరిజన సంఘాలు 48 గంటల బంద్‌కు పిలుపిచ్చాయి. చట్టాన్ని మార్చే ఆలోచన లేదని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు స్వయంగా ప్రకటించాల్సి వచ్చింది. ఆ మంట అప్పటికి చల్లారింది గానీ, ఆ కోరిక చల్లారిందని నేననుకోను.

చట్టం చెప్పేది సూటిగానే ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి మారకూడదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే. 1997లో సుప్రీంకోర్టు ‘సమత’ తీర్పులో ఇంకో మెట్టెక్కింది. అక్కడి ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడానికి వీల్లేదంది. ఆ కేసు ఎక్కడో పుట్టలేదు. ఇదే మన్యంలో, అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద మొదలైంది. అదే తీర్పులో, లీజులపై పూర్తి నిషేధం లేని రాష్ట్రాల్లో లీజు ద్వారా వచ్చే నికరలాభంలో కనీసం 20 శాతం అక్కడి ప్రజల చదువుకు, వైద్యానికి, రోడ్లకు విడిగా తీసిపెట్టాలన్న మాట కూడా ఉంది.

మరి ప్రభుత్వ పర్యాటక సంస్థ తన ఆవరణలో తాను స్పా కట్టుకుంటానంటే ఈ చట్టం అడ్డు రాదు. కట్టిన మర్నాడే ‘నిర్వహణ’ పేరుతో దాన్ని మైదానం నుంచి వచ్చిన కంపెనీకి ఏళ్ల తరబడి రాసిస్తే మాత్రం అది దొడ్డిదారి లీజే. బినామీ సంగతి సరేసరి. పట్టా గిరిజనుడిది, పెట్టుబడి ఇంకొకరిది, గల్లాపెట్టె ఆ ఇంకొకరిదే. ఈ బాగోతం ఏజెన్సీలో ఎవరికీ కొత్త కాదు.

చట్టం ఉంటే అభివృద్ధి రాదనేవాళ్లకి నా జవాబు ఒక్కటే: కాఫీ. అరకు కాఫీ ఈనాడు పారిస్‌లో కప్పుల్లో పోస్తున్నారు. నాంది ఫౌండేషన్ వాళ్లు అక్కడ 2017లో దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ కాఫీ పండించేది ఏ ఎస్టేటు దొరా కాదు. ఎకరమో రెండెకరాలో ఉన్న గిరిజన రైతులు. సిల్వర్ ఓక్ నీడన కాఫీ మొక్క, ఆ చెట్టుకే అల్లుకున్న మిరియాల తీగ, కింద రాలిన ఆకే ఎరువు. పండు ఎర్రబడ్డాక ఇంటిల్లిపాదీ చేత్తో కోస్తారు. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) కొన్నా, సహకార సంఘం కొన్నా పైకం ముందు పడేది తోట యజమాని చేతిలో, ఆ యజమాని ఆ కొండవాడే. 1/70 లేకపోయుంటే ఈ తోటలు ఎప్పుడో చేతులు మారేవి. పారిస్ దాకా కాఫీ వెళ్లేదేమో గానీ, రైతు తన చెట్టు కింద కూలికి పండ్లు కోసేవాడు.

అంతకుముందు కొండ మీదుగా సాగిన రవాణా కథ వేరు. మనం అద్దాల పెట్టెలో కూర్చుని మురిసిపోయే ఈ రైలుమార్గాన్ని 1960లలో వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు చేర్చడానికి. అది వెళ్లే దారిలో ఉన్న గూడేలకు దక్కింది రైలు కూత. రిసార్టు కాఫీ దారి పడుతుందా, ఖనిజం దారి పడుతుందా అన్నది తేలాలి.

నీళ్ల దగ్గరికొద్దాం. మన్యంలో తాగునీరంటే చాలా గూడేలకి ఊటే. పైన ఎక్కడో రాళ్ల మధ్య ఊరిన నీటిని గొట్టంతో దించుకుంటారు, అది లేనిచోట గెడ్డలో చలమ తవ్వుకుంటారు. ఎండాకాలంలో చలమ దగ్గర చిన్న చెంబుతో తోడి, గుడ్డ అడ్డం పెట్టి బిందెలోకి వడకట్టుకుంటారు. బిందె నిండేదాకా కూర్చోవడమే పని. ఇప్పుడు ఓ మామూలు రిసార్టు కొలను తీసుకోండి. 15 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు అనుకుందాం. నింపడానికి 1.68 లక్షల లీటర్లు. జల జీవన్ మిషన్ లెక్కన మనిషికి రోజుకు 55 లీటర్లు. అంటే 150 మంది ఉన్న గూడేనికి ఇరవై రోజుల నీళ్లు. కొలను రోజూ నింపరు, వడపోసి అవే నీళ్లు తిప్పుతారన్నది నిజమే. అసలు ఖర్చు తువ్వాళ్ల దగ్గర. స్పాకు వచ్చిన ప్రతివాడికీ ఉతికిన తువ్వాళ్లు, దుప్పటి, నూనె జిడ్డు వదిలేదాకా వేడినీళ్ల స్నానం. ఇది రోజూ ఉండే వాడకం. ఆ నూనె, ఆ సబ్బునీరు మళ్లీ దిగేది కింద గూడెంవాళ్ల గెడ్డలోకే.

బోరు వేసుకుంటామంటారు. కొండలో వేసిన బోరు ఊటను తాకదన్న పూచీ ఎవరిస్తారు? వాననీటికి చెరువంత తొట్టి, వాడిన నీటికి శుద్ధి కేంద్రం కట్టాకే మొదటి గదికి పునాది తీయాలని నా పట్టు. ఖర్చు పెరుగుతుంది. పెరగనివ్వండి.

కొలువుల మాట కూడా చూద్దాం. రిసార్టులో రాత్రి చలిమంట వేసి థింసా ఆడిస్తారు. మోరి ఊదుతుంటే, డప్పు కొడుతుంటే ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని గొలుసులా కదులుతారు. రెండో పాటకి అతిథులు మధ్యలో దూరి అడుగు తప్పుతూ సెల్ఫీలు తీసుకుంటారు. అడుగు కలపడం నేర్పేది ఆ ఆడవాళ్లే, అయినా మరునాటి జీతాల పట్టీలో వాళ్ల పేరుండదు. స్పాలో కూడా మసాజు చేసేవాళ్లు కేరళ నుంచో ఈశాన్యం నుంచో వస్తారు. ఊరివాళ్లకి దక్కేది చీపురు, గేటు కాపలా. పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) తలచుకుంటే స్థానిక యువతకి ఈ పని నేర్పించడం బ్రహ్మవిద్యేమీ కాదు. శిక్షణ పూర్తయిన బ్యాచి చేతిలో ఉన్నాకే తలుపులు తెరవాలని షరతు పెడితే చాలు.

జనం తాకిడి మితిమీరితే ఏమవుతుందో ఊటీని చూస్తే తెలుస్తుంది. మద్రాసు హైకోర్టు చెప్పబట్టి 2024 మే నుంచి ఊటీ, కొడైకెనాల్ ఎక్కే బండ్లకు ఈ-పాసు పెట్టారు. మరుసటి ఏడు వేసవిలో రోజుకిన్ని బండ్లని పరిమితి కూడా వచ్చింది. డిసెంబరు ఆదివారం తెల్లవారుజామున మన్యంలోని వంజంగి కొండ దారిలో ఇరుక్కున్నవాళ్లని అడిగితే అరకుకు అలాంటి పరిమితులొచ్చే రోజు ఎంత దూరమో చెబుతారు.

ఇదంతా ఎవరిని అడిగి చేయాలో కొత్తగా కనిపెట్టక్కర్లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు అధికారమిచ్చే పీసా చట్టం 1996లోనే వచ్చింది, మన రాష్ట్రం నిబంధనలు 2011లో రాసుకుంది. రిసార్టు పెంచదలిస్తే ముందు ఆ ఊరి గ్రామసభలో, అందరికీ తెలిసిన భాషలో, పటం నేల మీద పరచండి. లాభంలో ఊరి వాటా ఎంతో అంకెతో చెప్పండి. కొత్త గొట్టం ఏ గెడ్డ నుంచి బయలుదేరుతుందో వేలు పెట్టి చూపించండి.