మొదటి వారం తెలుపు

ధర్మవరం, కాట్పాడి, తిరుపతి పట్టాలు మూడూ కలిసేది పాకాల జంక్షన్లో. చర్మానికి ఏదైనా వస్తే ఇక్కడివాళ్లు అయితే తిరుపతి రుయా ఆసుపత్రికి పోతారు, లేదంటే వేలూరు సీఎంసీకి. మూడో దారి కూడా ఉంది. దానికి టికెట్టు అక్కర్లేదు. మందులంగడి ముందు నిలబడి ‘అన్నా, మొగానికి ఏదైనా ట్యూబు ఇయ్యి’ అంటే చాలు. పాకాలకే పట్టిన తెగులు కాదిది, దేశంలో ఏ మండల కేంద్రంలోనైనా ఇదే తంతు. చర్మవైద్యుడిగా నా పనిలో పెద్ద భాగం ఆ మూడో దారిన పోయి వెనక్కొచ్చిన ముఖాలను చూడటమే.

వాళ్లు చెప్పేది దాదాపు ఒకే కథ. మొటిమలతోనో, మంగు మచ్చలతోనో, పెండ్లి దగ్గరపడటంతోనో మొదలవుతుంది. పక్కింటి వదిన వాడిందంటారు, పార్లర్‌లో అక్క చెప్పిందంటారు. వారం తిరక్కుండానే మొటిమలు అణిగాయి, ముఖం తేలింది. ‘రాసుకున్నన్నాళ్లూ బాగుంటుంది సార్, ఆపితేనే మంట’ అంటారు. ఆ మాటతో ట్యూబు చూడకుండానే అందులో ఏముందో నాకు తెలిసిపోతుంది. స్టెరాయిడ్.

ఆ వారం రోజుల తెలుపు ఎక్కడిది? స్టెరాయిడ్ చర్మంలోని సన్నటి రక్తనాళాలను బిగిస్తుంది. రక్తం తగ్గినచోట చర్మం పాలిపోతుంది. 1962లో మెకెంజీ, స్టౌటన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ పాలిపోవడాన్నే కొలబద్దగా చేసుకున్నారు. మందును ముంజేతికి పూస్తారు, చర్మం ఎంత పాలిపోతే మందు అంత ఘాటని లెక్క. స్టెరాయిడ్ పూతల బలాన్ని ఇప్పటికీ ఆ పద్ధతిలోనే అంచనా కడుతున్నారు. అద్దంలో చూసుకుని మురిసిపోయే తెలుపు అదే. రంగునిచ్చే మెలనిన్ తయారీ కూడా కొంత మందగిస్తుంది గానీ, మందు ఆపగానే అదీ తిరిగొస్తుంది, తరచూ మునుపటికన్నా ముదురుగా.

ఇక ముఖం ముంజేయి లాంటిది కాదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ హైడ్రోకార్టిసోన్‌ను ఒంటి మీద వేరువేరు చోట్ల పూసి, ఎంత లోపలికి ఇంకుతుందో కొలిచారు. ముంజేతితో పోలిస్తే నుదుటి నుంచి ఆరు రెట్లు, దవడ మూల నుంచి పదమూడు రెట్లు ఇంకింది. వాళ్లు వాడింది అన్నిట్లోకీ మెత్తని స్టెరాయిడ్. మన ట్యూబుల్లో ఉండేవి దానికన్నా ఎన్నో రెట్లు ఘాటైన క్లోబెటసోల్, బీటామెథాసోన్, మొమెటాసోన్.

నెలలు గడిచేకొద్దీ బుగ్గల తోలు ఉల్లిపొరలా పలచబడుతుంది. కింద ఎర్రటి దారాల్లా నాళాలు కనబడతాయి. ఆడపిల్లల బుగ్గల మీద నూగు వెంట్రుకలు మొలుస్తాయి. ఏ మొటిమల కోసం మొదలుపెట్టారో అవే, ఒకే సైజులో, గుంపుగా లేస్తాయి. ఎండలోకి పోతే మిరపకాయ రుద్దినట్టు ఉంటుంది. ఆపితే రెండు మూడు రోజుల్లో ముఖమంతా ఎర్రబారి మండుతుంది, భయపడి మళ్లీ పూస్తారు, చల్లబడుతుంది. మందు పడలేదనుకోవడం పోయి, మందు లేకపోతే పడటం లేదనుకుంటారు. 2008లో కోల్‌కతా వైద్యులు కౌశిక్ లాహిరి, అరిజిత్ కూండూ ఈ స్థితికి స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం అని పేరే పెట్టారు.

ఇది నా ఒక్కడి భయం కాదు. 2011లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం దేశంలోని 12 కేంద్రాల్లో ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలించారు. వారిలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ పూస్తున్నారు. వాళ్లలో నూటికి 29 మంది దాన్ని తెల్లబడే క్రీముగానో, మామూలు క్రీముగానో, గడ్డం గీసుకున్నాక రాసుకునేదిగానో వాడారు. 24 మంది మొటిమలకు వాడారు. నూటికి 59 మందికి ఆ సలహా ఇచ్చింది డాక్టరు కాదు. 90 మందికి పైగా ముఖం అప్పటికే దెబ్బతింది. డాక్టర్లు రాసిచ్చిన చీటీల్లో దాదాపు సగం చర్మవైద్యులు కానివాళ్లవి. మా వృత్తి మీద కూడా పడే మచ్చ అది, దాచను.

2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతలకు అంతవరకూ ఉన్న మినహాయింపును ఎత్తేసి, చీటీ లేకుండా అమ్మకూడదంది. నియమం కాగితం మీద చక్కగా ఉంది. నేటికీ నా ముందుకు వచ్చే ట్యూబుల్లో చాలావాటికి చీటీ లేదు.

హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ మూడూ కలిసిన ట్యూబు గురించి వేరుగా చెప్పాలి. దాని మూలం 1975 నాటి క్లిగ్‌మన్ ఫార్ములా. మంగుకు అది మంచి మందే, కొన్ని వారాల గడువుతో, డాక్టరు కంటి ముందు. మనవాళ్లు దాన్ని స్నో లాగా ఏళ్లతరబడి రాస్తారు. హైడ్రోక్వినోన్ అతిగా వాడితే కొందరికి బుగ్గల మీద నీలినలుపు మచ్చ దిగుతుంది, అది పోవడం చాలా కష్టం. అదే 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలో అడుగుపెట్టింది. అందులో స్టెరాయిడ్ లేదు, ఆ మాట చెప్పి తీరాలి. కానీ తెలుపు ట్యూబులో దొరుకుతుందన్న నమ్మకాన్ని ఊరూరా నాటినవాటిలో అదొకటి. 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేశారు. నమ్మకం అలాగే ఉంది.

తయారీదారు చిరునామా లేని డబ్బాలు మరీ ప్రమాదం. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లోని ఒక ఆసుపత్రిలో 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు దాకా మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బుతో 22 మంది తేలారు. అందులో 15 మందికి అరుదైన ఒక రకం. ఆ 15లో 13 మంది తెల్లబడే క్రీములు పూసుకున్నవాళ్లు. అనుమానం క్రీముల్లోని పాదరసం మీద పడింది.

మరి మొటిమలకు ఏం చేయాలి? బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ లాంటివి పనిచేస్తాయి, కానీ ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. కడుపుతో ఉన్నవాళ్లు అడాపలీన్ ముట్టకూడదు. మన చామనఛాయ చర్మం మీద మొటిమ వదిలిన నల్లమచ్చ వెలవడానికి నెలలు పడుతుంది, దాన్ని తొందరపెట్టబోయే స్టెరాయిడ్ దారిలో పడుతున్నారు. మామిడి తోటల్లో, చెరుకు చేలల్లో పనిచేసేవాళ్లకు సన్‌స్క్రీన్ కొనడం భారమైతే గొడుగు, ముఖం మీదికి దిగే టవలు కూడా మందే. నలుగు పెట్టుకుంటారా, పెట్టుకోండి, గట్టిగా రుద్దకండి. నిమ్మరసం మాత్రం వద్దు.

ఇంట్లో ట్యూబు ఉంటే వెనక చిన్న అక్షరాలు చదవండి. సోన్, సోల్, లోన్ అని ముగిసే పేరు కనబడితే స్టెరాయిడేమోనని అనుమానించండి. కీటోకొనజోల్ లాంటి జోల్‌తో ముగిసేవి ఫంగస్ మందులు, వాటితో పొరపడొద్దు. ఆర్‌ఎక్స్ గుర్తుంటే అది చీటీ మందు. నెలల తరబడి పూస్తున్నవాళ్లు ఒక్కసారిగా ఆపేసి ఇంట్లోనే మంటను ఓర్చుకోవద్దు, రుయాకు వస్తారో వేలూరుకు పోతారో, చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లండి. పోయేటప్పుడు ఆ ట్యూబునూ, దాని అట్టపెట్టెనూ పారేయకుండా సంచిలో వేసుకుపోండి.