నల్ల టెట్రిస్ క్యాసెట్టు: పేరుకు కొరత, అంగట్లో సరుకు

పాత వీడియో గేముల మార్కెట్లో టెంజెన్ వారి టెట్రిస్ క్యాసెట్టును అమ్మజూపేవారు సాధారణంగా ఒకే మాట చెబుతారు. కోర్టు ఆపించిన సరుకు, మిగిలిన నిల్వలు నాశనమైనవి, ఇక కొత్త తయారీ లేదు, కనుక ధర పెరగక తప్పదు అంటారు. ఇందులో మొదటి మూడు మాటలు నిజమే. నాలుగవది మాత్రం ఆ మూడింటి నుంచి రాదు. ఈ సరుకులో డబ్బు మదుపు పెట్టదలచినవారు గమనించవలసింది ఇక్కడే.

టెట్రిస్ ఆటను 1984లో మాస్కోలో సోవియట్ సైన్సు అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేస్తున్న అలెక్సీ పజిత్నోవ్ తయారు చేశాడు. పైనుంచి పడే ముక్కలను సందు లేకుండా పేర్చటమే ఆట. విదేశాలకు హక్కులు అమ్మే అధికారం ఎలోర్గ్ అనే ప్రభుత్వ సంస్థది. ఒక మధ్యవర్తి ద్వారా బయటపడిన కంప్యూటర్ హక్కులు ఇంగ్లండులోని మిర్రర్‌సాఫ్ట్‌కు, అక్కడినుంచి అమెరికాలోని అటారీ గేమ్స్‌కు చేరినవి. ఆ అటారీ వారి మార్కే టెంజెన్. కాని కంప్యూటర్ హక్కు టెలివిజన్‌కు తగిలించే గేము యంత్రాలకు కూడా వర్తిస్తుందా అన్నది తేలలేదు. 1989 ఫిబ్రవరిలో ఎలోర్గ్ వారు ఒప్పందాన్ని సవరించి, కంప్యూటర్ అంటే కీబోర్డు, మానిటరు, డిస్క్ డ్రైవు ఉన్న యంత్రమేనని రాయించారు. మార్చిలో గేము యంత్రాల హక్కు నింటెండోకు ఇచ్చారు. వర్తకులకిది కొత్త కథేమీ కాదు. పట్టా చేతికి రాకముందే దలాలు మాట నమ్మి సరుకు దింపుకున్న కథే.

అయినా టెంజెన్ వారు 1989 మేలో సరుకు విడుదల చేశారు. జూన్ 21న శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి ఫెర్న్ స్మిత్ అమ్మకాలు నిలిపివేయవలసిందిగా ఉత్తర్వు ఇచ్చారు. అప్పటికి సుమారు లక్ష క్యాసెట్లు అమ్ముడైనవని, మిగిలిన 2,68,000 నాశనం చేయబడినవని చెప్పుకునే లెక్క.

నాశనమైన అంకెనే అందరూ పెద్దగా చెబుతారు. కొనేవారు చూడవలసింది మాత్రం బయట మిగిలిన అంకెను. లక్ష అంటే చిన్న నిల్వ కాదు. ఎన్ని చెత్తబుట్ట పాలైనవనుకున్నా, సేకర్తల గిరాకీకి చాలినంత సరుకు తిరుగుతూనే ఉన్నది. అందుకే పెట్టె, పుస్తకం లేని విడి క్యాసెట్టు నేటికీ పదుల డాలర్లలోనే పలుకుతున్నది గాని వేలలో కాదు. 1989 నవంబరులో నింటెండో విడుదల చేసిన బూడిదరంగు టెట్రిస్‌ కంటె నల్లదానికి ధర ఎక్కువన్న మాట వాస్తవమే. ఆ హెచ్చు ధరకు కోర్టు కథతో పాటు మరొక కారణం ఉన్నది. నల్లదానిలో ఇద్దరు కూర్చుని ఒకేసారి ఆడవచ్చు, నింటెండో వారి దానిలో ఆ వీలు లేదు. ఇది ఆడుకునేవారి గిరాకీ. ఈ గిరాకీ ఉన్నంతవరకు ధర ఒక్కసారిగా పడిపోదు, అలాగని ఆకాశానికీ ఎగరదు.

నిజమైన కొరత అంటే ఏమిటో చూడాలంటే సెగా మెగాడ్రైవ్ యంత్రానికి 1989లో జపాన్‌లో తయారైన టెట్రిస్‌ను చూడాలి. అదే హక్కుల తగాదా వల్ల అది అంగడికే రాలేదు. బయట తెలిసిన ప్రతులు వేళ్లమీద లెక్కపెట్టదగినన్నే. పజిత్నోవ్ సంతకమున్న ప్రతి ఒకదానికి ఇంటర్నెట్ అంగట్లో పది లక్షల డాలర్లు అడిగారు. అది అడిగిన ధర. అడిగిన ధరను బేరం కుదిరిన ధరగా రాసుకునే లెక్కల పుస్తకం ఏ కొట్లోనూ చెల్లదు, ఇక్కడా చెల్లదు.

అసలు చిక్కు రెండు వేర్వేరు రకాలను ఒకే పేరుతో అమ్మటంలో ఉన్నది. విడి క్యాసెట్టు ఒక రకం. పారదర్శక కాగితపు సీలు చెదరని పెట్టె మరొక రకం. రెండవదానిని గ్రేడింగు సంస్థలు పరీక్షించి, పెట్టెకు 10కి ఇన్ని అని మార్కులు, సీలుకు వేరే గ్రేడు వేసి, గట్టి ప్లాస్టిక్ డొల్లలో బిగించి ఇస్తాయి. 2021 జూలైలో ఒక సూపర్ మారియో 64 పెట్టె అమెరికా వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లకు పోయింది. ఆ ఆట కోటికి పైగా అమ్ముడైనది. అంటే కొన్నవారు ఆటకు కాదు, 9.8 అన్న మార్కుకు డబ్బు ఇచ్చారు. ఆ ఉధృతం నిలవలేదు. ధరలను కృత్రిమంగా పెంచారని ఆరోపిస్తూ 2022లో ఒక గ్రేడింగు సంస్థపై కాలిఫోర్నియాలో దావా కూడా పడింది. సీలు పెట్టె ధర చూపి విడి క్యాసెట్టుకు రేటు కట్టేవారు మొదటి రకం నమూనా చూపి మూడవ రకం తూచేవారే.

కొత్త తయారీ లేదంటే కొత్త రాబడి లేదని కాదు. ధర పెరిగినకొద్దీ అటకలమీది పాత పెట్టెలు దిగుతాయి, మూసిన దుకాణాల మూలసరుకు బయటపడుతుంది. దీనికి తోడు నకిలీ క్యాసెట్ల బెడద. అసలు లేబులును పోలిన లేబులు అచ్చు వేయటం ఈరోజుల్లో కష్టం కాదు. క్యాసెట్టు విప్పి లోపలి సర్క్యూట్ బోర్డు చూపమంటే జంకే అమ్మకందారు వద్ద బేరం కట్టివేయటమే మేలు. ఇక అట్టపెట్టె చెమ్మకు ఉబ్బినా, ఎండకు వెలిసినా గ్రేడు పడిపోతుంది. నిల్వ ఉంచినన్నాళ్లు అద్దె గాని వడ్డీ గాని రాలే సరుకు కాదు.

నల్ల క్యాసెట్టును ఆడుకోవటానికి కొనేవారికి నష్టం లేదు. పది పెట్టెలు పోగేసి దాచదలచిన స్టాకిస్టులు మాత్రం రేపటి కొనుగోలుదారు ఎవరో ముందే లెక్క వేసుకోవాలి. 1989లో పదేళ్ల వయసులో ఈ ఆట ఆడినవారు నేడు నలభైయైదు దాటినవారు. చిన్ననాటి సరదాకు డబ్బు ఖర్చు పెడుతున్నది ముఖ్యంగా వారే. వారి పిల్లలు టెట్రిస్ ఆడుతున్నారు, ఫోనులో.