పెళ్ళికూతురు లేని పెళ్ళి

'కన్యాశుల్కం' ప్రస్తావన వచ్చిన ప్రతి సాహిత్య సభలోనూ ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది. "అప్పుడు కన్యాశుల్కం, ఇప్పుడు వరకట్నం. లోకం తిరగబడింది!" సభ నవ్వుతుంది. చప్పట్లు కొడుతుంది. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఏం తిరగబడిందండీ? డబ్బు అటు నించి ఇటు నడిచేది, ఇప్పుడు ఇటు నించి అటు నడుస్తోంది. బేరం కుదుర్చుకునేది అప్పుడూ పెద్దమనుషులే, ఇప్పుడూ పెద్దమనుషులే. ఆ డబ్బులో ఒక్క రూపాయి అయినా పిల్ల చేతికి అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రావడం లేదు.

మాది కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోటు. 'కన్యాశుల్కం' భాష మాకు పరాయిది కాదు, మా నోళ్ళలో ఆడేదే. గురజాడ మావాడన్న గర్వం మా ఉత్తరాంధ్ర వాళ్ళకి కాస్త ఎక్కువే. ఆ గర్వం నాకూ ఉంది. కానీ గర్వపడుతూ కూర్చుంటే ప్రశ్నలు అడిగేదెవరు?

1897లో అచ్చయిన తొలి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో కొన్ని లెక్కలున్నాయి. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించారు. మూడేళ్ళలో 1,034 పెళ్ళిళ్ళు. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది. నాలుగేళ్ళ వాళ్ళు 44, మూడేళ్ళ వాళ్ళు 36, రెండేళ్ళ వాళ్ళు ఆరుగురు. ఏడాది పసిగుడ్లు ముగ్గురు! ఆ పసిగుడ్ల ఖరీదు 350 నించి 400 రూపాయలు. ఈ అంకెలు చదివిన మనిషి నవ్వు నాటకం రాయగలిగాడంటే అది మామూలు గుండె కాదు. ఆ మాట మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

ఇప్పుడు నాటకంలోకి వద్దాం. అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి పద్దెనిమిది వందలకి ఇవ్వబోతాడు. కథంతా ఈ పెళ్ళి తప్పించడానికే నడుస్తుంది. పాఠకులారా, గిరీశం మాటలు మీకు కంఠతా వచ్చు. రామప్పపంతులు మాటలూ వచ్చు. సుబ్బి అన్న మాట ఒక్కటి చెప్పండి చూద్దాం. ఆ పిల్లకి ముసలివాణ్ణి చూస్తే భయమా, నగలు పెడతారంటే సంబరమా, అక్క బుచ్చమ్మలా తనూ విధవ అయిపోతానన్న బెంగా? మనకి తెలీదు. తెలుసుకోవాలని ఎవరికీ తోచదు.

చివరికి లుబ్ధావధాన్లుకి జరిగిన పెళ్ళి ఎవరితో? ఆడవేషం కట్టిన కరటకశాస్త్రి శిష్యుడితో. ప్రేక్షకులు పగలబడి నవ్వేది ఇక్కడే. నాకు ఇక్కడే నవ్వు ఆగిపోతుంది. ఈ వివాహ వ్యవస్థ నడవడానికి పెళ్ళికూతురు అనే మనిషి అవసరమే లేదని ఈ ఒక్క ఘట్టం తేల్చేసింది. చీర కట్టిన ఆకారం ఒకటి ఉంటే చాలు, సొమ్ము చేతులు మారుతుంది, తాళి పడుతుంది. ఆ మోసాన్ని గురజాడ కళ్ళకి కట్టాడు. ఆయన వారసులమని చెప్పుకునే మనం దాన్ని హాస్యం పద్దులో జమ కట్టి చేతులు దులుపుకున్నాం. ఆనాటి తెలుగు రంగస్థలం మీద ఆడపాత్రలూ మగవాళ్ళే వేసేవారు. తర్వాతి కాలంలో మధురవాణిగా పేరు మోగిపోయింది స్థానం నరసింహారావు గారు. ఆడదాని బాధ, ఆడదాని తెలివి, ఆడదాని సొగసు అన్నీ మగ గొంతులోంచే వచ్చాయి.

పెద్దకూతురు బుచ్చమ్మ సంగతి చూడండి. తండ్రి అమ్మాడు. భర్త చచ్చాడు. గిరీశం లేవదీసుకుపోయాడు. సౌజన్యారావు పంతులు పూనా విధవాశరణాలయానికి పంపాలని నిశ్చయించాడు. గిరీశం పాలబడడం కన్నా పూనా వెయ్యి రెట్లు నయం, కాదనను. చదువు దొరికే చోటది. కానీ భాష తెలీని ఊరికి పంపేముందు "వెళ్తావా అమ్మా?" అని ఆ పిల్లని అడగాలన్న ఊహ సంస్కర్తకీ రాలేదే! అమ్మేవాడికి, లేవదీసుకుపోయేవాడికి, ఉద్ధరించేవాడికి మధ్య తేడా చాలానే ఉంది. అడగకపోవడంలో మాత్రం ముగ్గురూ ఒకటే.

మధురవాణిని తొలి తెలుగు స్త్రీవాదిగా నెత్తిన పెట్టుకునే మిత్రులు నా మీద కోపం తెచ్చుకోవచ్చు. ఆమె తెలివికి నేనూ దాసోహమే. అయితే లెక్క చూడండి. సుబ్బి పెళ్ళి తప్పించడానికి నగ ఇచ్చింది ఆమె. కేసు గట్టెక్కించింది ఆమె. గిరీశం గుట్టు విప్పింది ఆమె. వేశ్యల ముఖం చూడనన్న వకీలు ఇంటికి మగవేషంలో వెళ్ళాల్సొచ్చింది కూడా ఆమే. చివరికి ఆమెకి దక్కింది భగవద్గీత పుస్తకం. అగ్రహారాన్ని రక్షించిన మనిషి తాను ఎక్కడ, ఎలా బతకాలన్నది నాటకం తేల్చలేదు. నాచ్ వ్యతిరేక ఉద్యమమూ తేల్చలేదు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. ఆ స్త్రీల బతుకుతెరువు మాట దాని తర్వాతా ప్రశ్నగానే మిగిలింది.

ఇంకో మాట. 'కన్యాశుల్కం' చెప్పేది అగ్రహారం పెళ్ళి గురించి. తీరం వెంబడి మా వాడల్లో పెళ్ళి లెక్క వేరు. ఇక్కడ 'ఓలి' ఉండేది. మారుమనువు ఉండేది. మా అమ్మమ్మ చేపలగంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగిన మనిషి. మొదటి మొగుడి సంగతి అడిగితే వెరపు లేకుండా చెప్పేది: "ఆడు తాగి కొట్టీవోడు. నానుండనన్నాను. పెద్దమనుసులు కూకున్నారు. ఓలి తిరిగిచ్చీసినాం. అయిపోనాది." ఓలిని నేను ఆకాశానికెత్తడం లేదు. అదీ వెలే. తిరిగివ్వడానికి డబ్బు లేని ఆడది ఆ మొగుడి దగ్గరే పడుండాలి. కానీ అందులో ఆడదాని కష్టానికి విలువ ఉందన్న ఒప్పుకోలు ఉంది, బయటికొచ్చే దారి ఉంది. అగ్రహారం పెళ్ళిలో ఆ రెండూ లేవు. విచిత్రం ఏమిటంటే, చదువూ డబ్బూ వచ్చేకొద్దీ మా వాళ్ళు ఓలి నామోషీ అనుకుని కట్నం గౌరవం అనుకున్నారు. మారుమనువు 'తక్కువ కులాల అలవాటు' అయిపోయింది. నేడు మా వీధిలో కొట్టే మొగుణ్ణి వదిలి వచ్చిన పిల్లని "కట్నం పోసి చేశాం, సర్దుకుపో" అని మళ్ళీ అక్కడికే సాగనంపుతున్నారు. అమ్మమ్మకి ఉన్న దారి మనవరాలికి మూసుకుపోయింది. దీన్ని 'లోకం తిరగబడింది' అనే రెండు మాటల చమత్కారంలో ఇరికిస్తే ఎలా?

కట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. ఆడపిల్ల పెళ్ళి వయసు 1978లో పద్దెనిమిదికి పెంచారు. బాల్యవివాహాల నిషేధ చట్టం 2006ది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయిపోయింది. నేను తెలుగు పాఠం చెప్పే తరగతిలో ఏటా వేసవి తర్వాత కొన్ని బెంచీలు ఖాళీ అవుతాయి. ఎందుకని అడిగితే మిగతా పిల్లలు సిగ్గుపడి నవ్వుతారు. సుబ్బిలు ఇంకా ఉన్నారు. వాళ్ళ మాట ఇప్పటికీ వినబడటం లేదు.

కాబట్టి నాటకం వేసేవాళ్ళని ఒకటి అడుగుతున్నాను. పూర్తి నాటకం చాలా పెద్దది, కుదించక తప్పదు, తెలుసు. కుదించినప్పుడల్లా కత్తెర ఆడవాళ్ళ మీదే ఎందుకు పడాలి? గిరీశం లెక్చర్లు ఉంచి, కూతురి కోసం నూతిలో దూకిన వెంకమ్మని తీసేస్తారేం? కూతురు మీనాక్షి విధవగా ఇంట్లో ఉండగా తండ్రి పిల్లని కొనుక్కోబోవడంలోని దుర్మార్గాన్ని వదిలేసి, మీనాక్షిని కేవలం నవ్వులకి వాడుకుంటారేం? ఈసారి వేసినప్పుడు, బేరం జరుగుతున్నంతసేపూ సుబ్బిని రంగం మీద ఓ మూల కూర్చోబెట్టండి. మాట అక్కర్లేదు. ప్రేక్షకులు ఆ పిల్లని చూస్తూ నవ్వగలరేమో చూద్దాం.

పాఠం చెప్పే మనకీ పనుంది. "గిరీశం పాత్ర చిత్రణ" అనే ప్రశ్న ఎన్ని దశాబ్దాలుగా ఇస్తున్నాం? "పెళ్ళి గురించి సుబ్బి వాళ్ళమ్మకి ఏం చెప్పి ఉంటుంది? రాయండి" అని ఒక్కసారి ఇచ్చి చూద్దాం. నా తరగతిలో జవాబు రాయగలిగిన పిల్లలు చాలామందే ఉన్నారు.