పెచ్చూడిన పతకం

వేలం అన్న మాట మనకు పోర్చుగీసుల నుంచే వచ్చిందంటారు భాషాశాస్త్రజ్ఞులు. ఇప్పుడు వాళ్ల పాత రాచ పతకాలే వేలంపాటల్లో చేతులు మారుతున్నాయి. ఎవరి ముత్తాతో గుండెల మీద ధరించిన గౌరవం ఇంకెవరి అల్మారాలోకో చేరుతుంది. అన్నట్టు, అల్మారా కూడా వాళ్ల మాటే.

ఈ పతకాల కథ టెంప్లర్ నైట్లనే క్రైస్తవ యోధ సన్యాసుల దగ్గర మొదలవుతుంది. పోపు 1312లో వారి సంఘాన్ని రద్దు చేస్తే, ఆస్తులు చేజారనివ్వని పోర్చుగల్ రాజు దినీష్ 1319లో క్రీస్తు ఆర్డర్ పేరుతో కొత్త సంఘానికి అనుమతి తెచ్చుకున్నాడు. పోర్చుగీసు ఓడల తెరచాపల మీద కనిపించే ఎర్ర సిలువ ఈ సంఘానిదే. దీనికి తోడు అవీజ్, శాంతియాగో అని మరో రెండు ఆర్డర్లు ఉన్నాయి. ఈ మూడింటి పతకాల రిబ్బన్లు వరుసగా ఎరుపు, ఆకుపచ్చ, ఊదా.

సేకరించేవాళ్లు ముందుగా వెతికేది సిలువను కాదు, దాని పైనున్న చిన్న గుండెను. దైవభక్తి మెండుగా ఉన్న మొదటి మరియా రాణి 1789లో ఈ ఆర్డర్లను సంస్కరిస్తూ పతకాలకు క్రీస్తు పవిత్ర హృదయాన్ని జత చేసింది. 1910లో రాచరికం కూలింది. కొన్నేళ్లకు రిపబ్లిక్ ఈ ఆర్డర్లను తిరిగి తెచ్చింది కానీ, గుండెను మాత్రం తేలేదు. అలా ఓ రాణి భక్తి ఇవాళ పతకం వయసు చెప్పే ఆనవాలయింది. అయితే ఆ ఒక్క గుర్తునే నమ్ముకుంటే చిక్కే. వందేళ్లలో గుండె ఊడిపోయిన సిలువలూ ఉంటాయి, వేరే పతకం గుండెను తెచ్చి అతికించినవీ ఉంటాయి. అందుకే భూతద్దం.

భూతద్దం కింద కనిపించేది మన కంసాలులు మీనా అనే పనే. రంగు గాజును మెత్తగా నూరి, తడిపి, లోహపు గళ్లలో నింపి, దాదాపు 800 డిగ్రీల వేడిలో కరిగిస్తారు. చల్లారాక అది మళ్లీ గాజే. కింద పడితే లోహానికి సొట్ట పడుతుంది, గాజు పెచ్చులూడుతుంది. ఊడినచోట రంగు లక్కతో పూడ్చి అమ్మేవాళ్లున్నారు. వెలుతురులో అటూ ఇటూ వంచి చూస్తే ఆ మాటు దొరికిపోతుంది: గాజు లోపలి నుంచి మెరుస్తుంది, లక్క పైపైనే మెరుస్తుంది.

గోపుర ఖడ్గ ఆర్డర్‌ది మరో ముచ్చట. నెపోలియన్ సేనలకు జడిసి బ్రెజిల్ చేరిన రాజప్రతినిధి జువాఁవ్, తనకు తోడొచ్చిన ఇంగ్లిషు నౌకాదళం వాళ్లను సత్కరించాలనుకున్నాడు. వాళ్లేమో ప్రొటెస్టెంట్లు, ఉన్న మూడు ఆర్డర్లూ కేథలిక్కులవి. దాంతో పాతబడి మూలపడిన ఈ పేరును 1808లో రియోలో పైకి తీశారు. మొహమాటం కూడా ఒక్కోసారి పతకమవుతుంది! శాంతియాగో ఆర్డర్ అయితే కత్తి వదిలి కలం వైపు వచ్చింది. ఆ సిలువ ఇప్పటికీ కత్తి ఆకారంలోనే ఉన్నా, 19వ శతాబ్దం నుంచి దాన్నిస్తున్నది సాహిత్య, శాస్త్ర, కళారంగాల వారికి. నవలాకారుడు జోసే సరమాగో దాన్ని అందుకున్నాడు.

మచ్చలేని పతకానికే ధర ఎక్కువ పలుకుతుంది. వ్యాపారం కనుక తప్పు పట్టలేం. కానీ డబ్బాలోంచి బయటికే రాని సిలువ ఎవరి గురించి ఏం చెబుతుంది? కొసన రవ్వంత ఎరుపు రాలిన పతకాన్ని వెనక్కి తిప్పి చూడండి. కోటుకు రాసుకుని రాసుకుని బంగారం అరిగి నున్నబడి ఉంటుంది. కేటలాగులో దాన్ని లోపాల కింద రాస్తారు.