దొరకలేదంటే లేదని కాదు

వైద్య పరిశోధనకు అమెరికాలో పెట్టింది పేరు బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం. 2001లో అక్కడ ఆస్తమా మీద ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యంగా ఉన్న వలంటీర్ల చేత హెక్సామెథోనియం అనే మందు పీల్పించి, శ్వాసనాళాలు ఎలా స్పందిస్తాయో చూడాలన్నది ఉద్దేశం. ఒకప్పుడు రక్తపోటుకు వాడి, తర్వాత పక్కన పెట్టేసిన మందు అది. ఇరవై నాలుగేళ్ల యువతి ఒకామె దాన్ని పీల్చింది. దగ్గుతో మొదలై ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. నెల తిరక్కుండానే చనిపోయింది.

ఆ మందుతో ఊపిరితిత్తులకు ముప్పు ఉండవచ్చని 1950ల నాటి వైద్య పత్రికల్లో ఉంది. పరిశోధకుడు వెతక్కపోలేదు. వైద్య వ్యాసాల ఆన్‌లైన్ సూచిక పబ్‌మెడ్‌లో వెతికాడు, పాఠ్యపుస్తకం తిరగేశాడు, ఏమీ కనబడలేదు. అయితే అప్పట్లో పబ్‌మెడ్ 1966 దగ్గర మొదలయ్యేది. అంతకు ముందు వచ్చిన వ్యాసాలు కావాలంటే ‘ఇండెక్స్ మెడికస్’ అనే అచ్చు సూచికల సంపుటాలు దించి చూడాలి. వార్త బయటికి పొక్కగానే వైద్య గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్లు ఆ పాత వ్యాసాలను వెతికి చూపించారు. అది వాళ్లకు రోజూ చేసే పనే. కాకపోతే ముందుగా వాళ్లను అడిగినవాళ్లు లేరు. ఆ జులైలో అమెరికా ప్రభుత్వం తన నిధులతో జాన్స్ హాప్కిన్స్‌లో మనుషుల మీద జరిగే ప్రయోగాలను దాదాపు అన్నిటినీ కొన్నాళ్లు ఆపించింది.

దొరకలేదు అనడం వేరు, లేదు అనడం వేరు. ఈ రెంటికీ మధ్య తేడా చెప్పగలిగే మనిషిని జీతమిచ్చి పెట్టుకోవడమే సంస్థలో గ్రంథాలయం ఉండటానికి అసలు కారణం. మన సంస్థల్లో చాలావాటికి ఈ సంగతి పట్టినట్టు లేదు.

మన ఊరి శాఖా గ్రంథాలయం సంగతి వేరు. అక్కడికి పేపరు చదివే పెద్దాయన వస్తాడు, పోటీ పరీక్షల పిల్లలు వస్తారు, ఎవరొచ్చినా కూర్చోవచ్చు. ఆసుపత్రిలో, హైకోర్టులో, శాసనసభలో, పరిశోధన సంస్థలో, మందుల కంపెనీలో, పత్రికాఫీసులో ఉండేవి మరో రకం. వాటిని ప్రత్యేక గ్రంథాలయాలు అంటారు. పాఠకులు ఆ సంస్థ వాళ్లే, విషయం ఆ సంస్థ పనే. అక్కడ ఎన్ని వేల పుస్తకాలు ఉన్నాయన్న లెక్కతో పనిలేదు. అడిగినదానికి ఎంతసేపట్లో, ఎంత సరైన జవాబు వచ్చిందన్నదే లెక్క. 1909లో అమెరికాలో జాన్ కాటన్ డానా ఈ రకం గ్రంథాలయాల వాళ్లందరినీ ఒక సంఘంగా కూడగట్టాడు. మన దేశంలో 1955లో కలకత్తాలో ఇలాంటి సంఘమే పుట్టింది. ఒకప్పుడు లెక్కల పాఠాలు చెప్పిన ఎస్.ఆర్.రంగనాథన్ గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాస్తూ, పాఠకుడి కాలం ఆదా చేయాలన్నదాన్ని నాలుగో సూత్రంగా పెట్టారు. 1962లో బెంగళూరులో ఈ పనికే ఒక శిక్షణ కేంద్రం నెలకొల్పారు.

ఇంతకీ ఇలాంటి గ్రంథాలయంలో పనిచేసే మనిషి రోజంతా ఏం చేస్తాడు? వచ్చినవాడు అడిగింది వింటాడు. అడిగిందీ కావలసిందీ సాధారణంగా ఒకటి కాదు. ‘షుగరు మీద ఏమైనా ఉందా’ అని వచ్చిన డాక్టరును నాలుగు ప్రశ్నలు అడిగితే, కిడ్నీ దెబ్బతిన్న వృద్ధుడికి ఫలానా మాత్ర ఇవ్వవచ్చా అన్నది ఆయన అసలు సందేహమని తేలుతుంది. వెతుకులాట అక్కణ్నుంచి మొదలవుతుంది. ఏ శాస్త్రవేత్త దేని మీద పనిచేస్తున్నాడో రాసిపెట్టుకుని, ఆ విషయంపై కొత్త వ్యాసం రాగానే అడక్కముందే అతని బల్లమీదికి చేరుస్తాడు. 1958లోనే ఐబీఎంలో హన్స్ పీటర్ లూన్ ఈ పనిని కంప్యూటరుతో చేసే పద్ధతి ఆలోచించాడు. లైబ్రేరియన్ తన దగ్గర లేని వ్యాసాన్ని మరో గ్రంథాలయం నుంచి తెప్పిస్తాడు. సంస్థ సొంత నివేదికలకు సూచిక కడతాడు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ గ్రంథాలయం ఇంటర్నెట్ లేని రోజుల్లోనే జొన్న, చిరుధాన్యాల పరిశోధనలకు సమాచార కేంద్రంగా పనిచేసింది.

ఈ పనితో ఒరిగేదేమిటని అడిగేవాళ్లకు 1992లో అచ్చయిన రోచెస్టర్ అధ్యయనం జవాబు చెప్పింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆ ప్రాంతపు ఆసుపత్రుల్లో డాక్టర్లు తమ చేతిలో ఉన్న కేసు గురించి గ్రంథాలయాన్ని ఒక ప్రశ్న అడిగి, వచ్చిన సమాచారం ఏపాటి ఉపయోగపడిందో చెప్పారు. 208 మంది జవాబులిస్తే, అందులో 80 శాతం మంది ఆ సమాచారం వల్ల వైద్యంలో ఏదో ఒకటి మార్చామనో, బహుశా మార్చి ఉంటామనో అన్నారు.

నాకు బాగా తెలిసినది పత్రికాఫీసు లైబ్రరీ. రాత్రి పదింటికి ఒక పెద్ద నాయకుడు పోయారని కబురొస్తుంది. మొదటి ఎడిషన్ కదలడానికి గంట టైముంటుంది. ఆయన ఏ ఏడాది ఏ నియోజకవర్గంలో గెలిచారు, ఏ శాఖ చూశారు, ఎప్పుడు పార్టీ మారారు? డెస్కు మీద కూర్చున్న సబ్ ఎడిటర్ పుట్టకముందు సంగతులవి. లైబ్రరీ నుంచి ఒక ఖాకీ కవరు వస్తుంది. అందులో కత్తిరించి, తెల్లకాగితానికి అంటించి, పైన తేదీ ముద్ర కొట్టిన క్లిప్పింగులు ఉంటాయి. గంటలో పేజీ తయారవుతుంది. మర్నాడు చదివినవాళ్లు రిపోర్టరును మెచ్చుకుంటారు.

ఆ కవరు తయారీలో ఉన్న కష్టం బయటికి కనబడదు. మన పేర్లలో ఇంటిపేరు ముందొస్తుంది. మరి నందమూరి తారక రామారావును ‘న’ కింద పెట్టాలా, ‘ర’ కింద పెట్టాలా, ‘ఎన్టీఆర్’ అని వేరే ఫైలు తెరవాలా? తెలిసిన లైబ్రేరియన్ ఒకచోట పెట్టి, మిగతా రెండు చోట్లా ‘ఫలానా చోట చూడండి’ అని చీటీ పెడతాడు. 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన తుపాన్ల ఫైల్లోనూ ఉండాలి, కృష్ణా జిల్లా ఫైల్లోనూ ఉండాలి. తుపాను, తుఫాను, తుఫాన్ అని ఒక్కో పత్రిక ఒక్కో తీరుగా రాస్తుంది. మనిషి అయితే మూడింటినీ ఒకే ఫైల్లో పెడతాడు. కంప్యూటరుకు ఎవరో నేర్పితే తప్ప అవి మూడూ వేర్వేరు మాటలే. దానికి తోడు తెలుగు పేజీలు ఏళ్ల తరబడి అను వంటి పాత ఫాంట్లలో కంపోజయ్యాయి. అవి కంప్యూటర్లన్నీ ఒకేలా చదివే యూనికోడ్ కావు కాబట్టి, మార్చి పెడితే తప్ప మామూలు వెతుకులాటకు చిక్కవు. అదంతా గూగుల్‌లో దొరకలేదని, మన దగ్గర ఏమీ జరగలేదని అనుకునే తరం ఒకటి ఇప్పుడు డెస్కుల మీదికి వచ్చింది.

‘ఇప్పుడు అన్నీ నెట్‌లో ఉన్నాయి కదండీ’ అన్న వాదన ఇక్కడే వీగిపోతుంది. నెట్‌లో చాలా ఉంది, నిజమే. సంస్థ సొంత బీరువాలో ఉన్నది మాత్రం అందులో లేదు. చందా కట్టకపోతే తెరుచుకోని పత్రికలు వేలల్లో ఉన్నాయి. ఇక ఏఐ వచ్చాక దొరకని బాధ పోయి, లేనిది దొరికే బాధ మొదలైంది. 2023లో న్యూయార్క్‌లో ఒక విమానయాన సంస్థ మీద వేసిన కేసులో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను కోర్టుకు సమర్పించారు. తీరా చూస్తే అలాంటి తీర్పులే లేవు. జడ్జి అయిదు వేల డాలర్ల జరిమానా విధించారు. న్యాయ గ్రంథాలయంలో ఉటంకించిన తీర్పును సరిచూడటం లైబ్రేరియన్‌కు నిమిషాల పని.

సరైన వెతుకులాట ఏం సాధించగలదో చెప్పడానికి మన పసుపు కేసు చాలు. గాయాలు మాన్పడానికి పసుపు వాడటాన్ని కొత్త ఆవిష్కరణగా చూపించి, మిసిసిపి విశ్వవిద్యాలయం వాళ్లు 1995లో అమెరికాలో పేటెంటు పొందారు. మన ఇళ్లలో తెగిన వేలికి పసుపు అద్దుతామని చెబితే అక్కడ చెల్లదు. అంతకు ముందే అచ్చులో ఉన్నట్టు చూపించాలి. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) పాత గ్రంథాలనూ పత్రికలనూ గాలించి 32 ఆధారాలు సమర్పించింది. వాటిలో సంస్కృత గ్రంథాలు ఉన్నాయి, 1953 నాటి ఇండియన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చిన వ్యాసమూ ఉంది. 1997లో పేటెంటు రద్దయింది. అమెరికా పేటెంటు ఆఫీసుకు దొరకనిది మనవాళ్లకు దొరికింది. ఎక్కడ వెతకాలో వీళ్లకు తెలుసు కాబట్టే దొరికింది. ఆ అనుభవంతోనే మన సంప్రదాయ వైద్య విజ్ఞానానికి డిజిటల్ గ్రంథాలయం కట్టే పని మొదలైంది.

ఇన్ని చెప్పినా, పొదుపు అనగానే యాజమాన్యాల కన్ను ముందు పడేది గ్రంథాలయం మీదే. 2006లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ షికాగో, డల్లాస్, కాన్సస్ సిటీ గ్రంథాలయాలను మూసేసింది. వాషింగ్టన్‌లోని ప్రధాన గ్రంథాలయానికీ అదే గతి పట్టింది. శాస్త్రవేత్తలు గగ్గోలు పెట్టారు. చివరికి కాంగ్రెస్ జోక్యంతో 2008లో మళ్లీ తెరవాల్సి వచ్చింది. కెనడా మత్స్య, సముద్ర వ్యవహారాల శాఖ తన 11 గ్రంథాలయాల్లో ఏడింటిని మూసింది. డిజిటల్ చేస్తున్నామన్నది ప్రభుత్వం మాట. పుస్తకాలు చెత్తబుట్టల పాలయ్యాయన్నది శాస్త్రవేత్తల మాట.

గ్రంథాలయం అద్దె, జీతం, చందాలు అకౌంట్లలో ప్రతి ఏడూ కనబడతాయి. అది తప్పించిన నష్టం ఏ పద్దులోకీ రాదు. అందుకే మూయడం తేలిక. మూస్తే కలిగే నష్టం ప్రభుత్వ శాఖల్లో మరీ ఎక్కువ. పోయిన వరదను మళ్లీ పిలిచి కొలవలేం. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి సుమారు 35 లక్షల క్యూసెక్కులతో ప్రవహించిందని ఆనాడు రాసిపెట్టారు కాబట్టే ఈనాడు చెప్పుకుంటున్నాం. పోలవరం స్పిల్‌వేను 50 లక్షల క్యూసెక్కులకు తట్టుకునేలా రూపొందించారంటే, ఆ అంకె వెనక ఏళ్ల తరబడి నమోదు చేసిన ఇలాంటి లెక్కలు ఉన్నాయి. ఆ కాగితాలు గోడౌన్‌లో గోనెసంచుల పాలైతే తర్వాతి ఇంజినీరు ఊహల మీద డిజైన్ గీయాల్సి వస్తుంది.

గ్రంథాలయాల వైపు తప్పు లేదని కాదు. బీరువాకు తాళం వేసి, పుస్తకం పోతే తమ జీతంలో కోస్తారని భయపడుతూ కూర్చున్న లైబ్రేరియన్లు మనకు తెలుసు. తనిఖీ బృందం వచ్చినప్పుడు మాత్రమే దుమ్ము దులిపే కాలేజీ లైబ్రరీలూ తెలుసు. అయితే ఆ భయాన్ని పెట్టింది ఆడిట్ పద్ధతే. పుస్తకం పోతే సంజాయిషీ అడిగే వ్యవస్థ, ఏడాదిలో ఎన్ని ప్రశ్నలకు జవాబిచ్చావని ఒక్కసారీ అడగదు. అడిగినదాన్ని బట్టే పని నడుస్తుంది.

కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి ఆమోదం తెలిపింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుబాటులోకి తెస్తోంది. మంచి పనే. చిన్న ఊళ్లోని ప్రభుత్వ కాలేజీకి కూడా ఆ తలుపు తెరుచుకుంటుంది. లోపలికి వెళ్లాక దారి చూపే లైబ్రేరియన్ పోస్టు ఆ కాలేజీలో ఖాళీగా ఉంటే మాత్రం అంత డబ్బు పెట్టి కొన్నది కొందరికే అందుతుంది. పత్రికలకు పెట్టే ఖర్చులో కొంతయినా వాటిని వెతికిపెట్టే మనుషుల మీద పెట్టాలి.

సంస్థలు నడిపేవాళ్లకు నా మాట ఇది. గది చిన్నదైనా ఫరవాలేదు, అరలు తక్కువైనా ఫరవాలేదు. శిక్షణ పొందిన ఒక మనిషిని పెట్టండి. ఏ కొత్త పని మొదలుపెట్టేముందైనా ఆ మనిషిని అడగడాన్ని నిబంధన చేయండి. మీ సొంత నివేదికలకు సూచిక కట్టించండి. ఏడాది చివర ఎన్ని పుస్తకాలు ఉన్నాయని కాక, ఎన్ని ప్రశ్నలు వచ్చాయి, ఎన్నింటికి జవాబు దొరికిందని లెక్క అడగండి. ఉద్యోగులకు చెప్పేది ఇంకా చిన్నది. మీ ఆఫీసులో గ్రంథాలయం ఉంటే ఈ వారమే వెళ్లి, మీకు దొరకని ఒక విషయం అడగండి. అడిగేవాళ్లు ఉన్నంతకాలం దాన్ని మూయడం ఎవరికీ అంత తేలిక కాదు.